చదవడం రానివాడి తప్పు

12 నవంబరు 2025, బుధవారం

ఫీల్డ్ అంబులెన్స్ అంటే బండి కాదట.

పందొమ్మిదేళ్ళుగా తాతయ్యతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. మిలిటరీలో ఫీల్డ్ అంబులెన్స్‌లో చేశాడని వింటూనే పెరిగాను. సైరన్ మోగించుకుంటూ తిరిగే తెల్ల బండిని ఊహించుకున్నాను, అందులో తాతయ్య డ్రైవర్ పక్కన కూచున్నట్టు. ఈ పొద్దున్న ఆ మాటే అంటే తాతయ్య కాఫీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. బండి కాదే పిచ్చిమొహమా, ఆస్పత్రి, కదిలే ఆస్పత్రి అన్నాడు. డాక్టర్లు, నర్సింగ్ అసిస్టెంట్లు, వంటవాళ్ళు, డ్రైవర్లు, క్లర్కులు, గుడారాలు, ఆపరేషన్ బల్ల, అన్నీ కలిపి ఒక యూనిట్. సైన్యం ముందుకు జరిగితే రెండు గంటల్లో అంతా మడిచి లారీలకెక్కించి వెనకే వెళ్ళాలి. 71 డిసెంబరులో తూర్పు సరిహద్దు దాటాక పదమూడు రోజుల్లో ఐదుసార్లు మడిచారు, ఐదుసార్లు విప్పారు.

ఎందుకడిగానంటే, నిన్న బందరులో క్లాసు అయ్యాక శ్రీలేఖ మేడమ్ ఆపారు. మా డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేది ఆవిడే. గుడివాడ మాజీ సైనికుల సంఘం వాళ్ళు డిసెంబరు పదహారుకి, అంటే ఆ యుద్ధం గెలిచిన రోజుకి, సావనీర్ పుస్తకం వేస్తున్నారట. ఫీల్డ్ అంబులెన్స్‌లో పనిచేసినవాళ్ళ జ్ఞాపకాలు ఒక పది పేజీలు రాసిపెట్టే పిల్ల కావాలట. మేడమ్ నా పేరు చెప్పేశారు.

అచ్చులో నా పేరు. పామర్రు వచ్చేదాకా బస్సులో నోట్‌బుక్ వెనక అట్ట మీద నాలుగు రకాలుగా రాసుకున్నాను. కె. ఏంజెల్. ఏంజెల్, పామర్రు. కుమారి ఏంజెల్. వట్టి ఏంజెల్.

13 నవంబరు, గురువారం

క్షతగాత్రుడు. ఎంత బాగుందో ఈ మాట. వ్యాసంలో కనీసం మూడుసార్లు వాడాలి.

15 నవంబరు, శనివారం

తాతయ్య మూడు గంటలు చెప్పాడు. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచి విసిగిపోయింది.

స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ళని మొదటి గుడారంలో దించుతారు. ప్రతివాడి చొక్కా గుండీకి ఒక అట్టకార్డు కడతారు. పేరు, నంబరు, మతం, గాయం ఎక్కడ, ఏ ఇంజెక్షన్ ఏ టైముకి ఇచ్చారు. కార్డు రాయడమూ చదవడమూ తాతయ్య పని. ఎస్సెల్సీ పాసైనందుకు నర్సింగ్ అసిస్టెంట్‌గా తీసుకున్నారు. కార్డు లేనివాడు మాకు మనిషి కాదే, మూట అన్నాడు.

ఆపరేషన్ బల్ల మీద తీసేసిన కాళ్ళూ చేతులూ ఏం చేసేవారు అని అడిగాను. తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది హనోకు చూసుకునేవాడు అన్నాడు. హనోకు ఎవరంటే సఫాయివాలా అన్నాడు. మా పాత ఊరివాడే. ఒకే చర్చి, ఒకే రోజు భర్తీ, ఒకే రైలు. వాడికి చదువు లేదు కాబట్టి వాడికి చీపురిచ్చారు, నాకు కార్డులిచ్చారు. ఇప్పుడెక్కడున్నాడంటే, ఉన్నాడో లేడో అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ, ఉన్నాడో లేడో ఏంటి మావయ్యా, వాళ్ళ రూతు పాత ఊరి చర్చి గ్రూపులో రోజూ పొద్దున్నే వాక్యం పెడుతుంటే అంది. రూతు ఆయన కూతురట, నాగాయలంక దగ్గర ఆశా వర్కర్. తాతయ్య అన్నానికి లేచాడు. మూడోసారి పిలవక ముందే.

16 నవంబరు, ఆదివారం

చర్చి అయ్యాక గుడివాడ వెళ్ళాను. సంఘం ప్రెసిడెంట్ శ్యామ్ సుందర్ గారు అదే యూనిట్‌లో క్లర్కు. వాళ్ళ నాన్నగారూ తాతగారూ కూడా గుమాస్తాలేనట. మాకు ఆస్తి రాలేదమ్మా, చేతిరాత వచ్చింది అని నవ్వారు. మజ్జిగ ఇచ్చారు. చనిపోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళే ఉత్తరాలన్నీ ఆయనే టైపు చేశారు. నలభై ఒకటి. మాటలన్నీ అవే, పేరు ఒక్కటే మారేది. ఒకసారి పేరు మార్చడం మరిచిపోయి కవరు అంటించబోతూ చూసుకున్నారట. ఆ పూట భోజనం చెయ్యలేకపోయారట. ఆయన నాకు బాగా నచ్చారు.

హనోకు గారి సంగతి ఎత్తాను. ఓ, సఫాయి హనోకా అన్నారు. మన సంఘంలో సభ్యుడు కాదమ్మా, సభ్యత్వ ఫారంలో ర్యాంకు అని ఒక గడి ఉంది, వాళ్ళకి ర్యాంకు ఉండదు, గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ఫారం తీసుకోదు అన్నారు.

నవ్వాను. ఆయన నవ్వలేదు.

22 నవంబరు, శనివారం

హనోకు తాత దగ్గరికి వెళ్ళొచ్చాను. చేతులు ఇంకా బ్లీచింగ్ వాసన వేస్తున్నాయి.

మొవ్వ దాటాక రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోశారు. బస్సు పక్కకి ఒరిగి ఒరిగి వెళ్ళింది. అవనిగడ్డలో దిగి ఇంకో బస్సు, తర్వాత షేర్ ఆటో. నేను వెళ్ళేసరికి డెబ్భయ్యారేళ్ళ మనిషి వీధి కాలవలో బ్లీచింగ్ చల్లుతున్నాడు. ఇది పంచాయతీ పని కదా తాతా అంటే, పంచాయతీకి ముక్కు లేదు అన్నాడు. డబ్బా నా చేతికిచ్చి అవతలి వైపు చల్లమన్నాడు. నేనెవరో అడగనే లేదు. పని అయ్యాక చెప్పాను.

మత్తయి మనవరాలివా అన్నాడు. రూతు గారు గుమ్మంలోంచి, ఎనిమిదేళ్ళకి గుర్తొచ్చామా మీ వాళ్ళకి అంది. ఆయన ఆవిణ్ణి ఆపాడు. మీ తాత ఇంకా రోజూ గెడ్డం గీసుకుంటాడా అని అడిగాడు. అవునన్నాను. యుద్ధంలో కూడా గీసుకునేవాడు, శత్రువుకి అందంగా కనపడాలని అన్నాడు. రూతు గారు కూడా నవ్వేసింది.

తర్వాత చెప్పాడు. ఫోనులో రికార్డు చేశాను, కానీ ఇక్కడ కూడా రాసుకోవాలి.

కాలు తీసేసిన మనిషి మర్నాడు కళ్ళు తెరిచి అమ్మని అడగడు, నా కాలేది అని అడుగుతాడు. డాక్టర్ని అడగడు, సిగ్గు. బెడ్ పాన్ తీసేవాణ్ణి అడుగుతాడు. మొదటిసారి అడిగినప్పుడు హనోకు తాత దగ్గర జవాబు లేదు. గోతిలో వేసి సున్నం చల్లమని ఆర్డరు, అలాగే చేశాడు. ఆ మాట ఆ కుర్రాడితో అనలేకపోయాడు. ఆ రోజు నుంచి ఒక్కోదానికి ఒక్కో గొయ్యి తీశాడు. తెలివి ఉన్నవాణ్ణి బల్ల ఎక్కక ముందే అడిగేవాడు, అన్నా, ఎలా పంపించమంటావని. మత్తులో ఉన్నవాడికి కార్డు మీద మతం చూసి చేసేవాడు. కాల్చేవాళ్ళది కాల్చాడు. పూడ్చేవాళ్ళది పూడ్చాడు, ఏ దిక్కుకి పెట్టాలో ఆ మతంవాళ్ళనే అడిగి తెలుసుకుని. కొండప్రాంతం నుంచి వచ్చిన ఒకతను పారే నీళ్ళలో వదలమంటే రెండు మైళ్ళు నడిచి ఏటిలో వదిలాడు. ఒకడు కుక్కలకెయ్యి నాకేం అన్నాడట. దాన్నీ శుభ్రంగా గుడ్డలో చుట్టి పూడ్చాడు. వాడి నోరలా అంది గానీ ఆ కాలుని వాడమ్మ కన్నది గదా అన్నాడు.

పూడ్చాను అని ఒక్కసారే అన్నాడు. మిగతా అన్నిసార్లూ పడుకోబెట్టాను అన్నాడు.

ఎవరూ చెప్పలేదట అలా చెయ్యమని. ఎవరూ వద్దనలేదట. నిద్రపోయే టైములో చేసుకునేవాడు కాబట్టి ఎవరికీ అడ్డం రాలేదు. కార్డు మాత్రం మీ తాత చదివిపెట్టేవాడు, నాకు అక్షరం రాదు గదా అన్నాడు.

డిసెంబరు పదహారు మీటింగులకి ఎందుకు రావడం లేదని అడిగాను. ఎనిమిదేళ్ళ కిందటిదాకా వెళ్ళేవాడట. కుర్చీలు వేసేది, భోజనం వడ్డించేది ఆయనే. అందరూ ఫొటోకి కూచున్నాక, హనోకూ, నువ్వు కాస్త పక్కకి జరుగు, ఫ్రేములో బక్కెట్టు పడుతోంది అన్నారట. బక్కెట్టు ఆయన చేతిలో ఉంది. జరిగాడు. జరుగుతూ బస్టాండుదాకా జరిగాడు.

ఆయన నవ్వుతూ చెప్పాడు. రూతు గారు నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

24 నవంబరు, సోమవారం

పదకొండు పేజీలు. మేడమ్ చదివారు. పడుకోబెట్టాను అని ఆయన అన్నచోట నేను ఖననం అని రాశాను, బరువుగా ఉంటుందని. ఆయన మాట ఆయనకిచ్చెయ్యి, దానికంటే మంచిది నీ దగ్గర లేదు అన్నారు. మొహం మాడిపోయింది. మార్చాను. మూడు క్షతగాత్రుల్లో ఇద్దరిని కొట్టేశారు.

26 నవంబరు, బుధవారం

వ్యాసం ప్రెసిడెంట్ గారికి పంపాను. కొద్దిగా పాలిష్ చేసుకోవచ్చా అమ్మా అని మెసేజ్ పెట్టారు. తప్పకుండా సార్ అన్నాను, నమస్కారం బొమ్మతో.

4 డిసెంబరు, గురువారం

ప్రూఫు వచ్చింది. ప్రెస్సు మా కాలేజీ దగ్గరే కాబట్టి నేనే వెళ్ళి తెచ్చుకున్నాను.

నిజం రాయాలి. మొదట చూసింది నా పేరు. రచన: కుమారి కె. ఏంజెల్. మామూలు అక్షరాల కంటే కొంచెం పెద్దవి. బస్సెక్కి మళ్ళీ చూశాను. నిడుమోలు దగ్గర మళ్ళీ చూశాను. అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

పద్నాలుగో పేజీ. “వీరజవానుల అవయవాలకు సైతం వారి వారి మతాచారాల ప్రకారం అంతిమ సంస్కారాలు గావించిన మహోన్నత మానవతామూర్తి శ్రీ మత్తయి గారు.”

హనోకు అనే పేరు పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. వెతికాను. వేలు పెట్టి లైను లైనూ వెతికాను. వంటవాళ్ళున్నారు. యూనిట్ పెంచుకున్న కుక్క కూడా ఉంది, దాని పేరుతో సహా. కుక్కకి ర్యాంకు ఉందా?

ఇంటికొచ్చి తాతయ్యకి చూపించాను. సంఘం వైస్ ప్రెసిడెంట్ కాబట్టి ఈ ప్రూఫు ఆయనకి సోమవారమే వాట్సాప్‌లో వచ్చిందట. చదివాడట. ఓకే అని పెట్టాడట.

5 డిసెంబరు, శుక్రవారం

క్లాసు ఎగ్గొట్టి గుడివాడ వెళ్ళాను. ఈసారి మజ్జిగ ముట్టుకోలేదు.

ప్రెసిడెంట్ గారికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. నీ ఆవేశం నాకర్థమైంది తల్లీ, కలం పట్టిన కొత్తలో అందరికీ ఉంటుంది అన్నారు. చేసింది హనోకు తాత అయితే మా తాతయ్య పేరు ఎలా వేస్తారు సార్ అన్నాను. మీ తాతగారు అభ్యంతరం చెప్పలేదే అన్నారు. మీరు ఆయన పేరు పెట్టకపోతే పోనీ, ఆ పని ఇంకొకరికి కట్టబెట్టడం దొంగతనం కదా అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. వాళ్ళ కోడలు గారు వంటింట్లో గిన్నె కడగడం ఆపేశారు.

అప్పుడు ఆయన గొంతు తగ్గించి చెప్పారు. నీకు తెలియని సంగతి ఒకటుందమ్మా. హనోకు రికార్డులో రెడ్ ఇంక్ ఎంట్రీ ఉంది. శిక్ష పడ్డ మనిషి. డ్యూటీలో తప్పు చేసి పద్నాలుగు రోజులు లోపల ఉన్నాడు. ఎంక్వైరీ కాగితం టైపు చేసింది నేనే. అలాంటి పేరు విజయోత్సవ పుస్తకంలో వేస్తే రేపు ఎవరైనా తవ్వితే మనందరికీ మచ్చ.

ఏం తప్పు చేశాడు అని అడిగాను. అది అతన్నే అడుగు, చెప్తే అన్నారు.

6 డిసెంబరు, శనివారం

తాతయ్యతో మాట్లాడడం లేదు. తాతయ్య కూడా నాతో మాట్లాడడం లేదు. అమ్మ ఇద్దరితోనూ గట్టిగా మాట్లాడుతోంది.

7 డిసెంబరు, ఆదివారం

ప్రూఫు పట్టుకుని నాగాయలంక వెళ్ళాను. హనోకు తాత అప్పుడే చర్చి నుంచి వచ్చి తెల్లచొక్కా విప్పి తాడు మీద ఆరేస్తున్నాడు. పద్నాలుగో పేజీ నేనే చదివి వినిపించాను. చదువుతుంటే నా చెవులు కాలిపోయాయి.

మానవతామూర్తి, అంటే ఏంటమ్మా అన్నాడు. దేవుడిలాంటి మనిషి అని అన్నాను. మత్తయా అన్నాడు. అంతే.

నాకు పేరు వద్దు అంటాడేమో అనుకున్నాను. పెద్దవాళ్ళు అలాగే అంటారు కదా, కథల్లో. అనలేదు. నా పేరు కావాలి అన్నాడు. నా పేరు, మా నాన్న పేరు, ఊరు. మూడూ కావాలి. నేను తవ్విన గోతులవి. ఆ ఎర్రమట్టి ఎలా ఉంటుందో వాడికి తెలీదు. గునపం దిగదు. మీ తాత గొయ్యి తీయడం నేను పుట్టాక చూళ్ళేదు అన్నాడు.

రెడ్ ఇంక్ ఎంట్రీ గురించి అడిగాను. రూతు గారు, చెప్పు నాన్నా, ఈసారన్నా చెప్పు అంది.

డిసెంబరు పదకొండు, 1971. తెల్లవారుజామున రెండు కాళ్ళు వచ్చాయి, రెండూ మోకాలి కింద నుంచి. ఇద్దరూ మత్తులో ఉన్నారు. తాతయ్య రెండు కార్డులూ చదివి, ఇది ఇతనిది, అది అతనిది అని చెప్పాడు. హనోకు తాతకి అనుమానం వచ్చింది, ఎందుకంటే స్ట్రెచర్లు దించినప్పుడు ఆయన చూశాడు, పొడుగు మనిషి ఎడమవైపు ఉన్నాడు, తాతయ్య మాత్రం పొడుగు కాలు కుడివైపు మనిషిదంటున్నాడు. సరిగ్గా చూశావా మత్తయ్యా అన్నాడు. చూశాను అన్నాడు తాతయ్య. ఇంకోసారి చూడరా అన్నాడు. నువ్వు నాకు చదవడం నేర్పుతావా అన్నాడు తాతయ్య.

కాల్చాల్సినది పూడ్చాడు. పూడ్చాల్సినది కాల్చాడు.

మర్నాడు ఒకతను అడిగాడు, నా కాలు ఏం చేశావని. హనోకు తాత అబద్ధం చెప్పలేదు, మంచిగానే చేశానన్నా, ఫలానా చెట్టు కింద పడుకోబెట్టాను అని చెప్పాడు. కాల్చాల్సిన కాలు అతనిది, గుడారం ఎగిరిపోయేలా ఏడ్చాడు. కెప్టెన్ వచ్చాడు. ఎంక్వైరీ పెట్టారు. ఎవరు చేశారు? హనోకు. కాగితంలో ఏమని రాశారంటే, సఫాయివాలా హనోకు కార్డు తప్పుగా చదివి పొరపాటు చేశాడు.

చదివి.

ఆ కాగితం కింద ఆయన వేలిముద్ర వేశాడు. సంతకం రాదు కాబట్టి. తప్పు చదివాడని రాసిన కాగితం మీద, చదవడం రాదు కాబట్టి వేలిముద్ర. కెప్టెన్ ముందు, క్లర్కు ముందు, మా తాతయ్య ముందు. ముగ్గురికీ చదవడం వచ్చు. ముగ్గురూ ఆ వేలిముద్ర చూశారు. ఒక్కరికీ నోరు రాలేదు.

పెన్ను నొక్కి నొక్కి రాస్తున్నాను, వెనక పేజీ మీద అచ్చు పడుతోంది.

ఇంకా ఉంది. అప్పటికి నాలుగు నెలలుగా తాతయ్యే ఆయనకి అక్షరాలు నేర్పుతున్నాడట. మందుల పెట్టె మూత మీద సుద్దముక్కతో. గుణింతాలదాకా వచ్చాయి, కూడబలుక్కుని చదవడమూ పేరు రాయడమూ ఇంకా రాలేదు. చదవడం వస్తే చీపురు వదిలి వార్డులో అసిస్టెంట్ పనికి మార్చమని అడగొచ్చని ఆశ. రెడ్ ఇంక్ పడ్డాక ఆ దారి మూసేశారు. లోపల నుంచి వచ్చాక సుద్దముక్క ముట్టుకోలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా.

బయల్దేరుతుంటే ఒక మాట చెప్పాడు. పుస్తకంలో వేస్తే వేస్తారు, లేకపోతే లేదు, అది నువ్వు చూసుకో. మీ తాతని మాత్రం రమ్మను. నా వాకిట్లో నిలబడి, జరిగింది కాగితం మీద రాసి, వాడే చదివి వినిపించాలి. చదవడం వాడికే గదా వచ్చు.

8 డిసెంబరు, సోమవారం

తాతయ్యని అడిగాను. పొద్దున్నే, గెడ్డం గీసుకుంటుండగా. సగం మొహానికి నురగ ఉంది.

అవునన్నాడు.

నాకు అరవాలనిపించింది, అరిచాను కూడా. నలభై గంటలుగా నిద్ర లేదే అన్నాడు. నిద్ర లేక తప్పు చదివావు, సరే, ఎంక్వైరీ రోజు నిద్రపోయే ఉంటావు కదా అన్నాను. తప్పు నాదని తేలితే నర్సింగ్ పని పోతుంది, ఇంటికి పంపేస్తారు, వాడికి పోవడానికి ఏముంది అనుకున్నాను అన్నాడు. చెప్పాక ఆ మాట ఆయనకే వినపడినట్టు ఆగిపోయాడు.

ఆ నర్సింగ్ పనితోనే తిరిగొచ్చాక పామర్రులో కాంపౌండర్ అయ్యాడు. ఆ ఉద్యోగంతో ఈ ఇల్లు కట్టాడు. ఈ ఇంట్లో నాకు ఒక గది, ఒక బల్ల, బల్ల మీద నిఘంటువు.

హనోకు తాత తన వాకిట్లోకి రమ్మన్న సంగతి, కాగితం సంగతి చెప్పాను. మిగతా సగం గెడ్డం గీసుకోకుండానే తువ్వాలుతో తుడిచేసుకున్నాడు.

9 డిసెంబరు, మంగళవారం

ప్రెసిడెంట్ గారికి ఫోను చేశాను. హనోకుకి చదవడం రాదని మీకు తెలుసా సార్ అన్నాను. తెలుసు అన్నారు. మరి చదివి అని ఎలా టైపు చేశారు అన్నాను. చెప్పింది టైపు చేశానమ్మా, అక్షరాలు నావి, మాటలు నావి కావు అన్నారు. అప్పుడు కాదు సార్, ఇప్పుడు, ఈ పుస్తకంలో మాటలు ఎవరివి అన్నాను.

పుస్తకం అచ్చయిపోయింది, మూడొందల కాపీలు, ఆదివారం మీ ఇంటికే కట్టలు వస్తాయి, మత్తయి గారు తీసుకొస్తారు అన్నారు. ఫోను పెట్టేశారు.

11 డిసెంబరు, గురువారం

కాలేజీ నుంచి వచ్చేసరికి నా బల్ల మీద కాగితం. తాతయ్య చేతిరాత, ఆస్పత్రి రిజిస్టర్లో రాసినట్టు, ఒక్క కొట్టివేత లేదు.

“పద్నాలుగో పేజీలో నా గురించి రాసింది తప్పు. ఆ పని చేసినది హనోకు, తండ్రి పేరు ఏసుదాసు, నాగాయలంక. 1971 డిసెంబరు 11న రెండు కార్డులు తారుమారుగా చదివినది నేను. మళ్ళీ చూడమని హనోకు అడిగాడు. నేను చూడలేదు. తప్పు చదివాడని హనోకుకి శిక్ష వేశారు. అతనికి చదవడం రాదు. అది నాకు తెలిసి ఊరుకున్నాను. మత్తయి, నర్సింగ్ అసిస్టెంట్.”

మూడుసార్లు చదివాను. మార్చడానికి పెన్ను తీశాను, అలవాటు. ఒక్క మాట కూడా మార్చలేదు.

12 డిసెంబరు, శుక్రవారం

మేడమ్‌ని అడిగాను, అచ్చయిపోయిన పుస్తకంలో తప్పు దిద్దడం ఎలా అని. లైబ్రరీకి తీసుకెళ్ళి ఒక పాత పుస్తకం తెరిచి చూపించారు. మొదటి పేజీకి పల్చటి చీటీ అంటించి ఉంది. తప్పొప్పుల పట్టిక. వెనకటివాళ్ళు ఒక్క సున్నా పడిపోయినా చీటీ అంటించేవాళ్ళు, ఇప్పుడు మనిషి పడిపోయినా అంటించడం లేదు అన్నారు.

సంఘం వాళ్ళు ఒప్పుకోరేమో అన్నాను. కింద సంతకం పెట్టినాయన ఒప్పుకున్నాడు కదా, ఆయన వైస్ ప్రెసిడెంట్ కదా అన్నారు.

13 డిసెంబరు, శనివారం

మూడొందల జెరాక్సులు. జెరాక్స్ కొట్లో అతను ఒకటి తీసి చదివి, మీ తాతగారేనా అని అడిగాడు. అవునన్నాను.

అమ్మకి కోపం వచ్చింది. యాభై నాలుగేళ్ళ తర్వాత ఈ పరువు తీసుకోవడం ఏంటి, రేపు పెళ్ళి కావాల్సిన పిల్ల ఇంట్లో అంది. దానికి దీనికి సంబంధం ఏంటమ్మా అన్నాను. అన్నిటికీ ఉంటుంది అంది. తాతయ్య మధ్యలోకి వచ్చి, కోడలా, కాస్త మైదా ఉడకబెట్టి బంక చేసిపెట్టు అన్నాడు. అమ్మ తిట్టుకుంటూనే చేసింది. ఉండలు లేకుండా చేసింది.

14 డిసెంబరు, ఆదివారం

కట్టలు వచ్చాయి. ముందుగదిలో కూచుని అంటిస్తున్నాం. తాతయ్య ప్రతి చీటీనీ పద్నాలుగో పేజీ అంచుకి సరిగ్గా కొలిచి పెడుతున్నాడు, కట్టు కట్టినట్టు. నా పేరున్న పేజీ మూడొందలసార్లు తిప్పాల్సి వచ్చింది. వందోసారికి అది నాది కానట్టు అనిపించింది.

15 డిసెంబరు, సోమవారం, సాయంత్రం

అయిపోయాయి. మంచాల మీద, బల్లల మీద, కుట్టుమిషను మీద ఆరబెట్టాం.

తాతయ్య గుడివాడ రాడట, నాగాయలంక వెళ్తాడట. ఒక్క కాపీ సంచిలో పెట్టుకున్నాడు. వాడు తలుపు తీయకపోతే ఏం చెయ్యాలి అని అడిగాడు. నిలబడాలి అన్నాను.

రేపు పొద్దున్న ఐదున్నరకి తాతయ్య అవనిగడ్డ బస్సు. ఏడింటికి నేను గుడివాడ బస్సు, కట్టలతో. మొదటి కాపీ ప్రెసిడెంట్ గారి చేతికి నేనే ఇస్తాను, పద్నాలుగో పేజీ తెరిచి. కుర్చీలు వేయడానికి హనోకు తాత ఈసారీ రాడు కాబట్టి వాళ్ళనే వేసుకోమని చెప్పాలి.